అరచేతికి చేరిన అక్షరం: ఖతార్ తెలుగువారూ, రెండు యంత్రాల మధ్య పాఠ్యమూ

ఒక యంత్రంలో రాసిన పాఠ్యాన్ని మరో యంత్రానికి చేర్చడంలో రెండు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. తీగ ద్వారానో, కాంతి ద్వారానో, రేడియో తరంగాల ద్వారానో అంకెల వరుసను చెక్కుచెదరకుండా చేర్చడం మొదటిది; ఆ వరుసలో ఏ అంకె ఏ అక్షరానికి గుర్తో రెండు యంత్రాలూ ఒకే విధంగా గ్రహించడం రెండోది. బల్లమీది కంప్యూటరుకూ చేతిలో ఇమిడే పరికరానికీ మధ్య నడిచిన రాకపోకల చరిత్ర చెప్పేవారు తరచుగా మొదటి పనినే, అంటే తీగల వేగాన్నీ, బ్లూటూత్ పుట్టుకనూ వివరించి ఊరుకుంటారు. ఇంగ్లీషులో మాత్రమే రాసేవారికి రెండో పనితో పెద్దగా చిక్కు ఎదురు కాలేదు కాబట్టి వారికది చాలు. తెలుగువారి విషయంలో మాత్రం అసలు చరిత్రంతా రెండో పనిలోనే ఉంది. ఆ సంగతి హైదరాబాదులో కంటే ఖతార్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ తెలుగు పక్కనే అరబిక్ ఉంది, లాటిన్ లిపికి అలవాటుపడిన యంత్రాల ముందు తెలుగులాగే చిక్కులు పడ్డ లిపి అది, అయినా తెలుగు కంటే ఎన్నో ఏళ్ల ముందే చేతి పరికరాల్లో చోటు సంపాదించుకున్న లిపి కూడా అదే.

ఈ చరిత్రకు 1996ను తొలి మజిలీగా తీసుకోవచ్చు. 1987లో ప్రభుత్వ సంస్థగా ఏర్పడి, 1994లో జీఎస్ఎం పద్ధతి మొబైల్ సేవను ప్రారంభించిన క్యూటెల్, 1996లో ఖతార్‌లో ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. అదే ఏడాది నవంబరు 1న అల్ జజీరా ప్రసారాలు మొదలయ్యాయి. డిసెంబరులో ద్రవీకృత సహజవాయువును నింపుకొన్న తొలి నౌక రాస్ లఫాన్ రేవు నుంచి జపానుకు బయలుదేరింది. ఖతార్‌కు దూరంగా, అమెరికాలో, పామ్ సంస్థ తన తొలి పైలట్ పరికరాన్ని విడుదల చేసింది కూడా ఆ ఏడాదే. ఈ నాలుగింటికీ పరస్పర సంబంధం లేకపోయినా, తర్వాతి కాలంలో వాయు పరిశ్రమ రప్పించిన ఇంజనీర్లు, గుమాస్తాలు, నిర్మాణ కార్మికుల జేబుల్లోకి చేతి పరికరం చేరడానికి కావలసిన పునాది ఆ ఏడాదిలోనే పడింది. 1997 జనగణనలో సుమారు 5 లక్షల 22 వేలుగా ఉన్న ఖతార్ జనాభా 2004లో 7 లక్షల 44 వేలకూ, 2010లో దాదాపు 17 లక్షలకూ పెరిగింది. ఆ పెరుగుదలలో అత్యధిక భాగం వలస వచ్చినవారే, వారిలో ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచీ, కోస్తా, రాయలసీమల నుంచీ వెళ్లిన తెలుగువారూ ఉన్నారు.

పైలట్‌కు ముందు కూడా చేతి పరికరాలు లేకపోలేదు. బ్రిటన్‌కు చెందిన సయాన్ సంస్థ 1984లో ఆర్గనైజర్‌ను, 1986లో దాని రెండో రూపాన్ని తెచ్చింది. ఈ రెండోదాన్ని ఆర్ఎస్-232 అనే ప్రమాణానికి లోబడిన తీగతో కంప్యూటరుకు కలిపే వీలుండేది. ఆర్ఎస్-232 అంటే బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా పంపే పద్ధతి. 1960లో నిర్దేశించిన ఈ ప్రమాణం కంప్యూటరు వెనుక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టుగా 1990ల చివరిదాకా నిలిచింది. తీగ ఒకటే అయినా, రెండు వైపులా వేగాన్ని సరిపోల్చడం, ఫైలును ఎంచుకోవడం, పంపమని ఆదేశించడం అన్నీ మనిషి పనులే. పామ్ తెచ్చిన ప్రధానమైన మార్పు ఆ శ్రమను తొలగించడం. పరికరాన్ని పీఠంలో నిలబెట్టి ఒక మీట నొక్కితే, హాట్‌సింక్ అనే ఏర్పాటు రెండు వైపులా మారిన అంశాలను తానే గుర్తించి, కొత్తవాటిని ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ సరిచేసేది. ఫైలును నకలు చేయడం వేరు, రెండు ప్రతులను ఏకరూపంగా ఉంచడం వేరు అన్న గ్రహింపు ఇక్కడ సామాన్య వాడుకరి దాకా వచ్చింది. నేటి ఫోన్లలో ఎవరి ప్రమేయమూ లేకుండా నడిచే సమన్వయానికి మూలం ఇదే. 1996లోనే వచ్చిన విండోస్ సీఈ పరికరాలూ, తర్వాత వాటికి తోడైన యాక్టివ్‌సింక్ కూడా ఇదే దారిన నడిచాయి. 1993లో ఏర్పడిన ఇర్డా సంఘం పరారుణ కాంతితో తీగ లేకుండా పాఠ్యాన్ని పంపే ప్రమాణాన్ని రూపొందించింది. రెండు పరికరాలను ఒక మీటరు లోపు ఎదురెదురుగా పెడితే సెకనుకు 115,200 బిట్ల వేగం వరకు అందేది.

ఈ దశలో మొదటి పని తీరిపోయినట్టే. రెండోది తెలుగుకు ఇంకా మొదలే కాలేదు. పామ్ తొలి పరికరాలు ఒక్కో అక్షరాన్ని ఎనిమిది బిట్లలో, పశ్చిమ ఐరోపా లిపుల పట్టికను అనుసరించి దాచుకునేవి. ఎనిమిది బిట్లలో 256 స్థానాలకు మించి చోటు లేదు, ఆ స్థానాల్లో తెలుగుకు కేటాయించినది ఒక్కటీ లేదు. భారత ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించిన ఇస్కీ అనే సంకేతపద్ధతి భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి పట్టికను ఇచ్చినా, దాన్ని విదేశీ తయారీదారులెవరూ చేతి పరికరాల్లో చేర్చలేదు. అదే 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు, ఇస్కీ అంతకుముందరి రూపాన్ని ఆధారం చేసుకుని, తెలుగుకు 128 స్థానాల విభాగాన్ని కేటాయించింది. అయితే కేటాయింపు కాగితం మీద ఉంది. దాన్ని తెరమీద చూపగల యంత్రం రావడానికి పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల విరామంలో తెలుగు పత్రికలూ, ముద్రణాలయాలూ తమ దారి తాము వెతుక్కున్నాయి. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు లాటిన్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు గుణింతపు ముక్కలను అమర్చాయి. కంప్యూటరు దృష్టిలో ఆ పాఠ్యం లాటిన్ అక్షరాల వరుసే. తెలుగు దానికి తొడిగిన వేషం మాత్రమే. ఫాంటు ఉన్నంతసేపూ పుట అందంగా కనిపించేది, ఫాంటు లేని యంత్రానికి చేరగానే వేషం జారిపోయి అర్థంలేని గుర్తులు బయటపడేవి. గల్ఫ్‌లో ఈ చిక్కుకు మరో పొర తోడైంది. అక్కడి కార్యాలయాల్లో చాలా కంప్యూటర్లు విండోస్-1256 అనే అరబిక్ పట్టికను అనుసరించేవి. ఉదాహరణకు, పశ్చిమ ఐరోపా పట్టికలో 199వ స్థానంలో ఉండేది కింద చిన్న కొక్కెం తగిలించిన సి అక్షరం. అరబిక్ పట్టికలో అదే స్థానంలో ఉండేది అలిఫ్. ఆ స్థానాన్ని ఏదో ఒక తెలుగు ముక్కకు వాడుకున్న ఫాంటుతో రాసిన పాఠ్యాన్ని అరబిక్ ఏర్పాటున్న యంత్రంలో సాదా పాఠ్యంగా తెరిస్తే అక్కడ అలిఫ్ ప్రత్యక్షమయ్యేది. ఒక్క బిట్టు కూడా దారిలో పోలేదు, అయినా రాత పోయింది. పాఠ్యాన్ని బొమ్మగానో, ఫాంటును లోపలే ఇముడ్చుకునే పీడీఎఫ్‌గానో పంపడం ఒక ఉపాయమే గాని, అలా వచ్చినదాన్ని చదవగలిగినా వెతకడం, దిద్దడం, అందులోంచి ఒక వాక్యాన్ని తీసి మరోచోట అతికించడం సాధ్యం కాలేదు.

అరబిక్‌కు ఈ దుస్థితి ఎందుకు పట్టలేదన్నది ఇక్కడ ఆలోచించదగిన ప్రశ్న. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పదంలో అక్షరం ఉన్న చోటును బట్టి దాని రూపం మారుతుంది. యంత్రానికి అది తెలుగు కంటే సులభమైన లిపి ఏమీ కాదు. కానీ అరబిక్‌ను రాజభాషగా గల రాజ్యాలు అనేకం ఉన్నాయి, వాటి ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఆ భాషలోనే దస్తావేజులు కోరతాయి, కొనుగోలు శక్తి వారి చేతుల్లో ఉంది. కువైట్‌కు చెందిన మొహమ్మద్ అల్ షారిఖ్ స్థాపించిన సఖ్ర్ సంస్థ 1980ల్లోనే అరబిక్ మాట్లాడే ఇంటి కంప్యూటర్లను మార్కెట్‌లోకి తెచ్చింది. అరబిక్‌కు అంతర్జాతీయ ఎనిమిది బిట్ల ప్రమాణం 1987లో ఏర్పడింది. అందువల్ల మొబైల్ తయారీదారులు గల్ఫ్‌కు పంపిన ఫోన్లలో అరబిక్ మీటలూ, అరబిక్ రాతా తెలుగు కంటే ఎన్నో ఏళ్ల ముందే ఉన్నాయి. ఒక ఫోన్‌లో ఏ భాషలు ఉండాలన్నది దాన్ని అమ్మే ప్రాంతాన్ని బట్టి నిర్ణయమయ్యేది కాబట్టి, దోహాలో ఫోన్ కొన్న తెలుగువాడికి ఆ ఎంపికలో పాత్ర లేదు. లిపి ఎంత జటిలమైనదన్న దానికంటే దాని వెనుక నిలబడి అడిగేవారెవరన్నదే యంత్రంలో దాని స్థానాన్ని నిర్ణయించింది.

సంక్షిప్త సందేశం, అంటే ఎస్ఎమ్ఎస్, ఈ అసమానతను మరో రూపంలో చూపింది. ఒక సందేశానికి 140 బైట్ల చోటుంది. ఏడు బిట్ల లాటిన్ పట్టికలో రాస్తే అందులో 160 అక్షరాలు పడతాయి, ఆ పట్టికలో లేని లిపిలో రాస్తే ఒక్కో సంకేతానికి రెండు బైట్లు ఖర్చై 70 మాత్రమే పడతాయి. తెలుగుకు ఆ 70 కూడా నిండుగా దక్కవు. చదివేవారికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’లో సకారం, పొల్లు, తకారం, మరో పొల్లు, రకారం, ఈకారపు గుడి కలిసి ఆరు సంకేతాలున్నాయి, ‘నమస్కారం’ అన్న పలకరింపులో ఎనిమిది. ఒక్కో సందేశానికి రుసుము చెల్లించే రోజుల్లో ఈ లెక్క చిన్నది కాదు. పైగా పంపేవారి ఫోన్ తెలుగు ఎరిగి ఉన్నా, అందుకునేవారి ఫోన్‌కు తెలియకపోతే ఖాళీ గళ్లు తప్ప మరేమీ కనిపించవు.

ఫలితంగా దోహాలో రెండు సమాజాలు, ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండానే, ఒకే మార్గం పట్టాయి. అరబ్బు యువత ఐన్ అనే ధ్వనికి 3 అంకెనూ, కంఠంలో లోతుగా పలికే హాకు 7 అంకెనూ వాడుతూ లాటిన్ అక్షరాల్లో అరబిక్ రాసింది. దానికి అరబీజీ అన్న పేరు స్థిరపడింది. తెలుగువారు లాటిన్ లిపిలో తెలుగు రాశారు. అయితే తెలుగును లాటిన్ లిపిలో రాయడానికి అప్పటికే ఒక శాస్త్రీయమైన పద్ధతి ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా ఆర్‌టీఎస్ అని పిలిచే ఆ పద్ధతిలో పెద్ద టి టకారానికీ చిన్న టి తకారానికీ, పెద్ద ఎన్ ణకారానికీ చిన్న ఎన్ నకారానికీ గుర్తు. కంప్యూటరు మీటల మీద అది చక్కగా నడిచింది, ఆ పాఠ్యం సాదా లాటిన్ అక్షరాలే కాబట్టి ఏ పరికరానికి పంపినా చెదరలేదు. పన్నెండు మీటల ఫోన్‌లో మాత్రం ప్రతి పెద్ద అక్షరానికీ అదనపు నొక్కులు కావాలి. కాబట్టి ఆ భేదాలు రాలిపోయాయి. టకార తకారాలు, ణకార నకారాలు, హ్రస్వ దీర్ఘాలు చదివేవారి ఊహకు మిగిలాయి. ఆ రాత ఎంత ఆత్మీయమైనదైనా, దాన్ని యంత్రం చేత తిరిగి సరైన తెలుగులోకి మార్పించడం ఈనాటికీ కష్టమే.

ఆ కాలంలో ఫోన్‌కూ కంప్యూటరుకూ మధ్య అత్యధికంగా ప్రయాణించిన పాఠ్యం కథలూ కాదు, ఉత్తరాలూ కాదు. పేర్లూ నంబర్ల జాబితా. వలస జీవికి ఆ జాబితాయే ఆస్తి. సిమ్ కార్డులో సాధారణంగా రెండు వందల యాభై పేర్ల దాకా పట్టేవి, ఒక్కో పేరుకు తరచుగా పద్నాలుగు లాటిన్ అక్షరాల చోటుండేది. ఇంటిపేరుతో కూడిన తెలుగు పేర్లు అందులో ఇమడక కుదించుకుపోయేవి. ఫోన్ మార్చినప్పుడూ, ఇంటికి వెళ్లి మరో సిమ్ వేసుకున్నప్పుడూ జాబితాను దాటించడానికి నోకియా పీసీ సూట్ వంటి ప్రోగ్రాములుండేవి. అవి పేరు, నంబరు, చిరునామాలను వీకార్డ్ అనే ప్రామాణిక రూపంలోకి మార్చేవి. వీకార్డ్ 1990ల మధ్యలో పుట్టిన చిన్న పాఠ్య పత్రం. ఏ వరుస పేరో, ఏ వరుస నంబరో గుర్తులతో చెబుతుంది కాబట్టి ఒక సంస్థ తయారు చేసిన పరికరం నుంచి మరో సంస్థ పరికరానికి వెళ్లినా అర్థం చెడదు. సొంత కంప్యూటరు లేని కార్మికుడికి ఈ పని మొబైల్ దుకాణంలోనే జరిగేది. ఈ దుకాణదారుల నైపుణ్యాన్ని సాంకేతిక చరిత్రలు లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం. ఏ నమూనాకు ఏ తీగ సరిపోతుందో, ఏ ఫోన్ ఏ భాషను మింగేస్తుందో వారికి తెలిసినంతగా తయారీదారుల పుస్తకాల్లో కూడా ఉండేది కాదు.

కంప్యూటరు వైపు తెలుగు పరిస్థితి 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో మారింది. గౌతమి అనే యూనికోడ్ ఫాంటుతో పాటు, ఒత్తులనూ గుణింతాలనూ సరైన చోట కూర్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. దాన్ని వాడుకరి విడిగా చేతనం చేసుకోవలసి రావడం మాత్రం అప్పట్లో చాలామందిని ఆపింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, లాటిన్ మీటలతో టైపు చేస్తే తెలుగు లిపిని చూపే వీవెన్ తయారీ ‘లేఖిని’ ఆ దారిని విశాలం చేశాయి. దేశాంతరంలో ఉన్నవారికి లేఖిని చేసిన మేలు ఇంతా అంతా కాదు. తెలుగు మీటల అమరిక తెలియకపోయినా, కార్యాలయపు కంప్యూటరులో కొత్త ప్రోగ్రామేదీ చేర్చే అనుమతి లేకపోయినా, ఇంటర్నెట్ ఒక్కటుంటే తెలుగు రాయగలిగే స్థితి అది.

ఇలా 2000ల చివరికి బల్లమీద తెలుగు నిలిచింది, అరచేతిలో మాత్రం నిలవలేదు. కంప్యూటరులో నిర్దుష్టంగా రాసిన యూనికోడ్ పాఠ్యాన్ని బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపితే, ఫాంటు లేనిచోట గళ్లూ, ఫాంటు ఉండి కూర్పు తెలియనిచోట విడివిడిగా తెగిపడిన పొల్లులూ, గుణింతపు గుర్తులూ కనిపించేవి. ఈ మధ్యకాలంలో ఒపెరా మినీ అనే బ్రౌజరు చూపిన ఉపాయం గుర్తుంచుకోదగినది. అందులోని ఒక అమరికను మార్చితే, జటిలమైన లిపులను సంస్థ సర్వరే బొమ్మలుగా చిత్రించి ఫోన్‌కు పంపేది. తెలుగు తెలియని ఫోన్ కూడా తెలుగు పత్రికను చూపగలిగేది. చదవడం సాధ్యమైంది, రాయడం కాలేదు. ఇది కూడా పాఠ్యాన్ని బొమ్మగా మార్చే పాత మార్గమే అయినా, వేలాది చవక ఫోన్లలో తెలుగు తొలిసారి కనిపించింది దీనివల్లనే.

అసలు మలుపు 2012 మధ్యలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1. కుడి నుంచి ఎడమకూ ఎడమ నుంచి కుడికీ నడిచే రాతలను ఒకే వరుసలో కలిపి చూపే సామర్థ్యాన్నీ, తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు మద్దతునూ గూగుల్ ఈ ఒక్క కూర్పులోనే ప్రకటించింది. ప్రాంతాన్ని బట్టి భాషలను కేటాయించే పాత విధానం దీనితో సడలింది. దోహాలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా ఒకే తెలుగు. తమాషా ఏమిటంటే, అంతకు మూడేళ్ల ముందే ఎస్ఎమ్ఎస్ ప్రమాణాల్లో తెలుగు సహా భారతీయ భాషలకు ఏడు బిట్ల పట్టికలను చేర్చే పని జరిగింది, ఒక్కో సందేశంలో రెట్టింపు తెలుగు పట్టే మార్గం ఏర్పడింది. కానీ అది వాడుకలోకి వచ్చేలోగా వాట్సాప్ వచ్చి, అక్షరానికి లెక్క కట్టే అవసరాన్నే తీసివేసింది.

ఖతార్‌లో ఈ మార్పు వేగంగా వ్యాపించడానికి స్థానిక కారణాలున్నాయి. 2009లో వోడాఫోన్ రాకతో క్యూటెల్ ఏకస్వామ్యం ముగిసింది. 2013లో క్యూటెల్ ఊరెడూగా పేరు మార్చుకుంది. 2022 ప్రపంచ కప్ నిర్వహణ హక్కు 2010 డిసెంబరులో దక్కడంతో నిర్మాణ రంగానికి కార్మికుల రాక ఉధృతమైంది. వారిలో ఎక్కువమందికి బల్లమీది కంప్యూటరు జీవితంలో భాగమే కాలేదు. ఫోనే వారి మొదటి కంప్యూటరు. కార్మికుల వసతి గృహాల్లో కంప్యూటర్లూ, ఇంటర్నెట్టూ ఉన్న గదులను ఏర్పరచే ‘బెటర్ కనెక్షన్స్’ కార్యక్రమాన్ని ప్రభుత్వం చేపట్టినా, చేతిలో ఉన్న పరికరమే ముందు నడిచింది. ప్రభుత్వ సేవలకు అరబిక్ టైపింగ్ కేంద్రంలో దరఖాస్తు రాయించుకునే అలవాటు తగ్గి, అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖ తెచ్చిన మెట్రాష్2 యాప్ ఆ స్థానంలోకి వచ్చింది. ఆ యాప్ అరబిక్, ఇంగ్లీషులతో పాటు ఫ్రెంచి, స్పానిష్, ఉర్దూ, మలయాళాల్లో పనిచేసేది. అందులో మలయాళం ఉండి తెలుగు లేకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు. 2012 తర్వాత రెండు లిపులూ యంత్రానికి సమానమే. మలయాళీల సంఖ్యాబలం, గల్ఫ్‌లో వారి సుదీర్ఘమైన వ్యవస్థీకృత ఉనికి ఆ చోటును సంపాదించిపెట్టాయి. పాతికేళ్ల ముందు అరబిక్ విషయంలో కనిపించిన సూత్రమే మళ్లీ ఇక్కడ పనిచేసింది.

2015 జనవరిలో వచ్చిన వాట్సాప్ వెబ్, ఫోన్‌లోని సంభాషణను కంప్యూటరు తెర మీద తెరిచే మార్గాన్ని ఇచ్చింది. తీగ, పీఠం, ఎదురెదురు కాంతి అన్నీ పోయి, చదరపు చుక్కల గుర్తును ఒకసారి ఫోన్ కెమెరాకు చూపడంతో పని ముగిసింది. పంపడం అన్న క్రియే కనుమరుగై, ఒకే పాఠ్యం రెండు తెరల మీద ఏకకాలంలో నిలిచింది. 2017 ఆగస్టులో గూగుల్ తన మాట ద్వారా టైపు చేసే సౌకర్యానికి తెలుగును చేర్చింది. అయినా యంత్రాలు తెలుగును పూర్తిగా జీర్ణించుకోలేదని 2018 ఫిబ్రవరి నాటి ఘటన చూపింది. ‘జ్ఞా’ అన్న అక్షరం లోపల కంటికి కనబడని ఒక విభజన సంకేతం చేరిన వరుస సందేశంగా అందితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలోనూ, ఆపిల్ కంప్యూటర్లలోనూ యాప్‌లు కుప్పకూలేవి, ఆపిల్ 11.2.6 కూర్పుతో దాన్ని సరిదిద్దింది. ఈ లోపం ఒత్తునూ దీర్ఘాన్నీ కూర్చే భాగంలో ఉంది. తెలుగు లిపికి యంత్రాలు ఇచ్చిన పరీక్షా సమయం ఎంత తక్కువో దీన్ని బట్టి ఊహించవచ్చు.

దోహాలో తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక వంటి సంఘాల కార్యక్రమాలకు ఇప్పుడు ఆహ్వానాలూ, పద్యాలూ, ప్రసంగ పాఠాలూ ఫోన్‌లోనే తయారవుతాయి. 2024 నవంబరులో తొమ్మిదవ ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు అక్కడ జరిగే నాటికి రచయితలకు యూనికోడ్ తెలుగు సర్వసామాన్యమైంది. ఇప్పుడు చిక్కు వ్యతిరేక దిశలో ఉంది. ఫోన్‌లో యూనికోడ్‌లో రాసిన వ్యాసం పుస్తకంగా అచ్చు కావాలంటే, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న డీటీపీ కేంద్రంలో అది తరచుగా తిరిగి అను ఫాంటులోకి మారాలి. ఆ మార్పిడి ప్రోగ్రాములు అరుదైన ఒత్తుల దగ్గరా, తెలుగు మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటల దగ్గరా తడబడతాయి, కాబట్టి అరచేతిలో తప్పులేకుండా ఉన్న పాఠాన్ని అచ్చులో మళ్లీ అక్షరం అక్షరం దిద్దవలసి వస్తుంది. దీనికి తోడు, 1990ల నుంచి ఫాంటు వేషంలో రాసిన ప్రత్యేక సంచికల ఫైళ్లూ, పీసీ సూట్‌లు దాచిన సందేశాల మూటలూ పాత కంప్యూటర్లలో మిగిలి ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఏ ఫాంటుతో ఏది రాశారో చెప్పగల వ్యక్తులూ ఉన్నారు. గల్ఫ్ తెలుగు సంఘాలు ఆ ఫైళ్లను సేకరించి మార్పించవలసిన సమయం ఇదే.